మా మేనత్త ఈతకు పోయేది

మా వైపు మనిషి పోయిన మూడో రోజు పిట్టకు పెడతారు. పోయిన వాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా అందరూ దూరంగా నిలబడి చూస్తారు. మా మేనత్తకు కోరుట్ల వాగు ఒడ్డున పెట్టాం. పచ్చిపులుసు, సర్వపిండి, మక్క గారెలు. అన్నీ సర్దాక మా అన్న ఒక ప్లాస్టిక్ సీసా తెచ్చి విస్తరి పక్కన నిలబెట్టాడు. ఈతకల్లు.

"ఆమెకు ఇష్టమైంది పెట్టాలె గదా," అన్నాడు. ఎగతాళిగా కాదు, ప్రేమగానే.

సిరిసిల్ల నుంచి వచ్చిన ఆమె కూతురు, అంటే మా మరదలు, ముఖం పక్కకు తిప్పుకుంది. కాకి ఎక్కువసేపు ఆగలేదు. వచ్చి గారె ముక్క నోట కరుచుకొని లేచిపోయింది. "సూసినవా, సీసా కనబడంగనే అచ్చింది," అన్నాడు అన్న. ఏడుస్తున్న వాళ్ళు కూడా నవ్వారు. నేనూ నవ్వాను.

మా మేనత్త బతికినన్నాళ్ళూ కల్లు నోట పెట్టలేదు. ఆ సంగతి అక్కడ నాకు తెలుసు. మేడిపల్లి దగ్గరి మా ఊరి నుంచి బస్సెక్కి వచ్చి వెనక వరసలో నిలబడిన రాజవ్వకు తెలుసు. నేను ఆమె వైపు చూశాను. చెప్పనా అన్నట్టు చూశాను. ఆమె పక్కనే వాళ్ళ అత్త లచ్చవ్వ ఉంది. రాజవ్వ తల అడ్డంగా ఊపింది. నేను నోరు మూసుకున్నాను. రాజవ్వ చెప్పమనేదాకా చెప్పనని మా మేనత్తకు మాటిచ్చాను మరి.

ఇప్పుడు చెప్పొచ్చు. అందుకే రాస్తున్నాను.

ఆమె పొట్టి మనిషి. నడుస్తుంటే చేతులు కొంచెం వెనక్కి పోయేవి, ఎవరినో చేయి పట్టి లాక్కొస్తున్నట్టు. నవ్వొస్తే నోరు మూసుకునేది కాదు, కళ్ళు మూసుకునేది. కళ్ళద్దాలు ఎక్కడ తీసినా చెప్పులో పెట్టేది; తిరిగి పోయేటప్పుడు చెప్పులు వేసుకోక తప్పదు కాబట్టి అద్దాలు మరిచిపోయే భయం లేదని ఆమె లెక్క. ఆమెకు ఒక మాట ఉండేది, "జర జరుగు" అని. బస్సులో కిక్కిరిసిన జనంతో అనేది. దారికి అడ్డంగా పడుకున్న బర్రెతో అనేది. బిగుసుకుపోయిన తలుపుతోనూ అదే మాట. ఒకసారి నాకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసి జ్వరంతో కూడా అన్నది. గొంతులో కోపం ఉండేది కాదు. పక్కవాళ్ళను కొంచెం చోటు అడిగినట్టు అడిగేది. విచిత్రమేమిటంటే బర్రె లేచేది, తలుపు వచ్చేది.

మాకు చెరువు కట్ట కింద మామిడితోట ఉంది. ఒకప్పుడు మా ఇంటివాళ్ళు ఊరికి దొరలు. ఇప్పుడు ఆ తోట, ఆ పిలుపు తప్ప ఏమీ మిగల్లేదు. అన్న ఊళ్ళోనే వ్యవసాయం చూస్తాడు, నాకు జగిత్యాలలో విత్తనాల దుకాణం. ఎండాకాలంలో కాయ దింపే వారం మాత్రం అందరం తోటలో కలుస్తాం. మేనత్త కోరుట్ల నుంచి వచ్చేది. మామూలుగా వచ్చేది కాదు, ఇంట్లో ఉన్న బొంతలన్నీ మూటగట్టుకొని వచ్చేది. కోరుట్ల నల్లా నీళ్ళకు బొంత మురికి వదలదట, చెరువు నీళ్ళే కావాలట. బస్సు కండక్టరు ఆ మూటకు కూడా టికెట్ కొట్టాలంటే, "కొట్టు, కొట్టి దాన్ని కిటికీ కాడ కూసుండబెట్టు," అన్నదట.

ఆమె దిగిందంటే తోటలో ఎవరూ ఖాళీగా ఉండటానికి లేదు. గడకు వల కట్టడం ఒకరికి, రాలిన కాయ ఏరడం ఇంకొకరికి, తడిసిన బొంతను చెరో కొసా పట్టి పిండడం మా ఆవిడకూ వదినకూ. "దుకాణంల గల్ల మీద కూసున్నోనివి నువ్వు, నీకు నడుమున్నదో లేదో సూద్దాం," అని నా నెత్తిన కాయల గంప పెట్టేది. మధ్యాహ్నం చెట్ల కింద తడి బొంతలు పరిపించి వాటి మీదే పడుకొమ్మనేది. ఏ ఏసీ గదిలోనూ నాకు అంత చల్లని నిద్ర పట్టలేదు. సాయంత్రం మళ్ళీ అందరికీ తలా ఒక బకెట్. కొత్తగా నాటిన మొక్కలకు చెరువు నీళ్ళు మోయాలి.

పొద్దున మాత్రం ఆమె ఉండేది కాదు. ఇంకా మసక విడవకముందే లేచి, "ఈతకు పోతున్న," అని ఎవరికి వినబడితే వాళ్ళకు చెప్పి వెళ్ళిపోయేది.

ఈ మాట దగ్గర కొంచెం ఆగాలి. నీళ్ళలో ఈదడమూ ఈతే, ఈతచెట్టూ ఈతే. కానీ మా ఊళ్ళో పొద్దున పూట ఒక మనిషి ఈతకు పోతున్నానంటే అర్థం ఒకటే. చెరువు మత్తడి, అంటే అలుగు, దాటితే ఈతవనం ఉంది. అప్పుడే దించిన పొద్దటి కల్లు కోసం పోతున్నాడని. నీళ్ళలో ఈదేవాళ్ళు మా ఊళ్ళో ఎవరున్నారు గనక, ఆ మాటకు ఇంకో అర్థం వెతకడానికి.

ఎండెక్కే వేళకు తిరిగి వచ్చేది. కళ్ళు ఎర్రగా ఉండేవి. కాళ్ళు తడబడేవి. మాట ముద్దగా వచ్చేది. వచ్చీ రాగానే చద్దన్నం గిన్నె ముందు కూర్చొని ఇద్దరి తిండి తినేది. ఆమెతో పాటు బీడీలు చుట్టే ఆడవాళ్ళు నలుగురైదుగురు, రాజవ్వా వాళ్ళూ, ఒకరి మీద ఒకరు పడి నవ్వుకుంటూ వచ్చేవాళ్ళు. ఇంకేం కావాలి? వాళ్ళు తాగితే ఊరికి పట్టదు, వాళ్ళ అత్తలూ తాగుతారు. దొరల ఇంటి ఆడబిడ్డ వాళ్ళతో కలిసి కూర్చొని తాగడమే ఊరికి కావలసిన కథ.

కాయ కొనే సేటు ఒకరోజు పొద్దున్నే వచ్చి, "దొరసాని ఏదీ?" అని అడిగాడు.

"ఈతకు పోయింది," అన్నాడు మా అన్న.

"పొద్దటిదైతే కమ్మగుంటది," అన్నాడు సేటు.

ఆ మాట మల్యాల దాకా పోయింది, సిరిసిల్ల దాకా కూడా పోయింది. మా మరదలి అత్తగారింట్లో ఎవరో అన్నారట, "మీ అమ్మ ఇంకా పోతున్నదా ఈతకు?" అని. మరదలు నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నేను మేనత్తను ఏమీ అడగలేదు. అడగాల్సిన పని లేదనుకున్నాను, నా కళ్ళతో చూస్తున్నాను గదా. ఆ ఏడు జగిత్యాలలో ఇల్లు కట్టుకొని గృహప్రవేశం పెట్టుకున్నాను. మేనత్తకు ఫోన్ చేసి ఫలానా రోజు అని చెప్పాను. రమ్మని మాత్రం అనలేదు. ఆమెకు అర్థమైంది.

"మంచిది అల్లుడా," అన్నది. "ఇల్లు సల్లగుండాలె."

తరువాతి ఎండాకాలం మళ్ళీ బొంతల మూటతో దిగింది, ఏమీ జరగనట్టు. ఆ వారంలోనే ఒక పొద్దున సేటు లారీ చెప్పిన వేళ కంటే ముందే వచ్చి నిలబడింది. ధర మాట్లాడటం మేనత్త వంతు. అన్న నన్ను పంపించాడు, పిలుచుకు రమ్మని.

కట్ట మీద నడిచి, తూము దాటి, మత్తడి దిగి ఈతవనంలోకి పోయాను. కల్లు గీసే ఆయన చెట్టు దిగుతున్నాడు, నడుముకు కల్లు లొట్టి వేలాడుతోంది.

"మా అత్తమ్మ ఏడ కూసున్నది?" అని అడిగాను.

"దొరసానా? ఈడికి ఎన్నడచ్చింది ఆమె?" అన్నాడు. కాసేపు నా ముఖం చూశాడు. "అటు దిక్కు పోతరు. నేనైతే అటు సూడ." చెరువు వెనక్కి మళ్ళే వైపు గడ్డంతో చూపించి, నిజంగానే అటు వీపు తిప్పి కూర్చున్నాడు.

పొదలు దాటి ఒడ్డుకు వచ్చాను. కాలువ నీళ్ళు వచ్చినప్పటి నుంచి మా చెరువు ఎండల్లో కూడా నిండుగా ఉంటుంది. ఆ నీళ్ళ నడుమ మా మేనత్త వెల్లకిలా తేలుతోంది. కళ్ళు మూసి ఉన్నాయి. జుట్టు చుట్టూ పరుచుకుంది. కదలడం లేదు.

నాకు ఈత రాదు. అయినా చెప్పులతో, జేబులో ఫోనుతో నీళ్ళలోకి పరుగెత్తాను. గుండెల దాకా నీళ్ళు వచ్చాయి, కాళ్ళ కింద బురద జారింది, "అత్తమ్మా" అని అరిచాను. ఆమె ఒక కన్ను తెరిచింది.

"ఏంది అల్లుడా, నువ్వు గూడ ఈతకచ్చినవా?"

పక్క నుంచి ఒక్కసారిగా ఆడవాళ్ళ అరుపులు, నవ్వులు. రెల్లుగడ్డి చాటున రాజవ్వ వాళ్ళు మెడల దాకా మునిగి నిలబడ్డారు, వీపులకు ఖాళీ నూనె క్యాన్లు కట్టుకొని.

నన్ను ఒడ్డుకు పంపి అటు తిరిగి కూర్చోమన్నది. కొంతసేపు అటే తిరిగి కూర్చున్నాను. తరువాత ఆమె ఒక్కతే ఈదుతున్న చప్పుడు, కాదు, చప్పుడు లేకపోవడం నన్ను ఇటు తిప్పింది. గోచీ పోసి కట్టిన ముతక చీరతో అరవై దాటిన మనిషి చెరువు నడుమకు పోతోంది. చెయ్యి లేవడం కనబడుతోంది, నీళ్ళు తెగిన శబ్దం లేదు. వెనక నురగ లేదు. నీళ్ళే ఆమెను చేతులు మార్చుకుంటూ అవతలికి అందిస్తున్నట్టుంది. పోయి పోయి ఒక నల్లని చుక్కంత అయింది. చిన్నప్పుడు మా నాన్నతో పాటు బావిలో దూకి నేర్చుకున్నదని తరువాత చెప్పింది. నలభై ఏళ్ళు కోరుట్లలో కాపురం చేసి, ఒక్కరికీ చూపించకుండా ఆ విద్య ఎక్కడ దాచుకుందో తెలియదు. ఈ మనిషినా నేను నా గడప దగ్గరికి రావద్దనుకున్నది?

ఒడ్డుకు వచ్చి జుట్టు పిండుకుంటూ కూర్చున్నాక అడిగాను, ఈ దాపరికం ఎందుకని.

"రాజవ్వ చెల్లె సంగతి నీకెరుకనే గదా," అన్నది.

తెలుసు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంటి కోడళ్ళు. ఒకరోజు చెరువులో బొంత ఉతుకుతున్నారు. పొక్లెయిన్లు మట్టి తీసుకుపోయిన గుంత ఒకటి నీళ్ళ కింద ఉందని తెలియక చెల్లెలు ఒక అడుగు వెనక్కి వేసింది. రాజవ్వ బొంత ఇటు కొస పట్టుకొని ఒడ్డున నిలబడి చూసింది. ఈత రాదు. మనుషులు వచ్చేసరికి అయిపోయింది. అప్పటి నుంచి లచ్చవ్వ ఉన్న ఒక్క కోడలిని నీళ్ళ దిక్కు పోనియ్యదు. పోతే కాళ్ళు విరగ్గొడతానన్నది.

"గా తర్వాత రాజవ్వ నా కాడికచ్చి ఈత నేర్పుమన్నది. ఇంట్ల చెప్తే పోనియ్యరు. అబద్ధం చెప్పుడు దానికి రాదు. ఈతకు పోతున్న అని చెప్పి రా అన్న. అండ్ల అబద్ధమేమున్నది?"

"మరి నీ పేరు? సిరిసిల్లల మరదలు తలెత్తుకుంటలేదు అత్తమ్మా."

కూతురి మాట వచ్చేసరికి ఆమె ముఖం చిన్నదైంది.

"పేరు మునుగుతే మల్ల తియ్యచ్చు అల్లుడా," అన్నది. "రాజవ్వ చెప్పుమన్ననాడు చెప్పు. అప్పటిదాక నువ్వు సూడలే."

గృహప్రవేశం సంగతి నేను ఎత్తబోయాను. "లారీ నిలవడ్డదంటివి గదా, లే," అన్నది.

ఆ వారం మిగిలిన పొద్దులన్నీ నేను మత్తడి మీద కాపలా కూర్చున్నాను. ఎవరైనా అటు వస్తే, "ఈతకచ్చిన," అని చెప్పి మాటల్లో పెట్టేవాణ్ని. దాంతో నా పేరూ పోయింది. "మీరు గూడ షురూ చేసిండ్రా?" అని మా ఆవిడ నిలదీసింది. నోటి దగ్గర వాసన చూసింది. వాసన రాకపోయేసరికి ఇంకా అనుమానపడింది. మా మేనత్త అది చూసి కళ్ళు మూసుకొని నవ్వింది.

నేర్పేటప్పుడు ఆమె చెయ్యి మనిషి కడుపు కింద ఉండేది, అంతే. "కొట్టకు. నీళ్ళేం చేసినయ్ నిన్ను? జర జరుగు అని అడుగు, గవే జరుగుతయ్," అనేది. మిగతా వాళ్ళు కుక్కపిల్లల్లా కొట్టుకుంటూ నేర్చేసుకున్నారు. రాజవ్వకు అందరికంటే బాగా వచ్చింది కానీ గుంత ఉన్న చోటికి మాత్రం పోదు. అక్కడ నీళ్ళ రంగు వేరుగా, ముదురుగా ఉంటుంది. దాని దాకా పోయి వెనక్కి తిరుగుతుంది. కాయ అయిపోవస్తోంది. లారీ పోతే మేనత్తా పోతుంది. ఆ గుంత దాటకపోతే రాజవ్వకు ఈత వచ్చినట్టు కాదని ఇద్దరికీ తెలుసు.

చివరి పొద్దున మేనత్త ముందు పోయి గుంతకు అవతల నిలబడింది, నిలబడటమంటే ఆ లోతులో కాళ్ళాడిస్తూ తేలింది. క్యాన్ లేకుండా రమ్మన్నది. రాజవ్వ బయలుదేరింది. ముదురు నీళ్ళ అంచు దగ్గర ఆగిపోయింది. గడ్డం మునిగింది. నేను కాపలా మరిచి లేచి నిలబడ్డాను. మేనత్త చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంది, చాపలేదు.

"అడుగు," అన్నది.

రాజవ్వ నోట్లో నీళ్ళు ఉమ్మేసి, "జరుగు చెల్లె," అన్నది. "జర జరుగు."

రాజవ్వ ఆ నల్లని నీళ్ళ మీదుగా మెల్లగా, చాలా మెల్లగా, ఎవరి పక్కనుంచో వాళ్ళకు తగలకుండా పోతున్నట్టు దాటింది. దాటి మా మేనత్త మెడ పట్టుకుంది. ఇద్దరూ ఒకసారి మునిగి లేచారు. అంత బరువును మెడకు వేసుకొని ఆమె ఒడ్డు దాకా ఈదుకొచ్చింది. నేను దేవుళ్ళ దగ్గర నిలబడినప్పుడు కూడా నా చేతులు వాటంతట అవి దగ్గరికి రాలేదు. ఆ రోజు వచ్చాయి.

ఆ చలికాలంలోనే ఆమె కోరుట్లలో నిద్రలో పోయింది.

ఈ ఎండాకాలం కాయ దింపే వారం మళ్ళీ వచ్చింది. బొంతలు రాలేదు. మధ్యాహ్నం కటిక నేల మీదే పడుకున్నాం. మొదటి రోజే లచ్చవ్వ కూలికి వచ్చి నా పక్కన కాయలు ఏరుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"దొరసాని లేకపాయె. ఇగ మా రాజవ్వ వాళ్ళను ఈతకు ఎవలు తోల్కపోతరు?"

"ఈతవనం ఏడికి పోలేదు గదా లచ్చవ్వా," అన్నాను, మాట నిలుపుకోవడానికి.

"గా ఈత కాదు," అన్నది. "కల్లు తాగితే సీరె తడుస్తదా దొరా?"

గంప పట్టుకొని వస్తున్న రాజవ్వ అక్కడే ఆగిపోయింది. "నీకెరుకనా అత్తా?"

"గడ్డివాము ఎనుక దాసిన తడిసీరె తీసి ఎవలు ఆరేసిండ్రనుకున్నవ్? నీ మొగడా?"

"మరి ఒక్కనాడన్న అనకపోతివి."

"వద్దన్న నోటితోని పొమ్మని ఎట్లంటనే? నువ్వు ఈతకన్నవ్. మంచిదన్న." లచ్చవ్వ ఒక కాయ సొన తుడిచి గంపలో వేసింది. తరువాత నా వైపు చూసింది. "మీరేమనుకున్నరు దొరా, గప్పుడు?"

"కల్లే అనుకున్నాను," అన్నాను.

ఆమె ఇంకో కాయ తీసుకుంది. ఈతకు పోతున్నానన్న మాట ఒక్కటే చెవిన పడింది ఇద్దరికీ. ఇంకో కోడలు మునగకూడదనుకునే ముసలామె దాన్ని ఒకలా వింది. మా మేనత్త నాకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్న మనిషి, నేను దాన్ని ఇంకోలా విన్నాను.

"చెప్పుండ్రి ఇగ," అన్నది రాజవ్వ. "అందరికి చెప్పుండ్రి."

అందరూ సద్ది విప్పుకున్నప్పుడు చెప్పాను. అన్న ముద్ద నోట్లో పెట్టుకోకుండా చివరి దాకా విన్నాడు. "నాకెందుకు చెప్పలేదురా?" అని మాత్రం అన్నాడు. తరువాత చెయ్యి కడుక్కొని సిరిసిల్లకు ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. మరదలికి మొదటి నుంచీ చెప్పాను. గృహప్రవేశం సంగతీ చెప్పాను.

"అమ్మకు ఈత అచ్చునా బావా?" అన్నది. "నిజంగ?"

"చెరువు ఈ దరి నుంచి ఆ దరికి," అన్నాను.

మర్నాడు పొద్దు బాగా ఎక్కాక రాజవ్వా వాళ్ళూ చెరువుకు పోయారు, మత్తడి వెనక్కి కాదు, అందరూ బట్టలుతికే రేవుకే. పోయి ఈది, ఊరి నడుమ నుంచే తిరిగి వచ్చారు. పిండుకోలేదు, మార్చుకోలేదు. తడి చీరలతో సిమెంటు రోడ్డు మీద వరసగా నడిచారు. అరుగుల మీద వాళ్ళు బీడీ ఆకు కత్తిరించడం ఆపి చూశారు. వాళ్ళ వెనక నీళ్ళు కారిన గీతలు వీధి పొడుగునా సాగి, ఒక్కొక్కటే విడిపోయి ఒక్కో గడపలోకి మళ్ళాయి. ఎండ ఎంత ఉన్నా అవి చాలాసేపు ఆరలేదు.